అమ్మ ఒంటికి పట్టిన బంగారం

ట్రాఫిక్ సెటిల్‌మెంట్,
ఖరగ్‌పూర్,
12 నవంబరు 1966.

అమ్మమ్మకు,

నీ పాదాలకు తల ఆనించి నీ మనవరాలు గంగాభవాని రాస్తున్నది. ఇక్కడ నాన్న, నేను వేళకు ఇంత వండుకుని తింటున్నాము. పొద్దున్నే వర్క్‌షాపు సైరన్ మోగగానే నాన్న బయలుదేరుతున్నాడు, నేను కాలేజీకి పోతున్నాను. ఇంతకు మించి క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉన్నదో, రాత్రులు నిద్ర పడుతున్నదో లేదో తెలియజెయ్యి.

దేముడు మావయ్య చేత నువ్వు రాయించిన ఉత్తరం అందింది. అందులో నా మీద మోపిన నేరాన్ని అందులోని మాటల్లోనే తిరిగి రాస్తున్నాను: "నాలుగు ఇంగ్లీషు పుస్తకాలు చదివిన పిల్ల తల్లి ఒంట్లోకి సూదులతో బంగారం ఎక్కించింది. ఆ బంగారమే విషమై మా హైమవతిని పొట్టన పెట్టుకుంది." ఈ నేరానికి జవాబు చెప్పడానికే ఈ ఉత్తరం. నీకు చూపు ఆనదు గనుక ఇది కూడా మావయ్యే చదువుతాడు. మన వీధి అరుగు మీద ఎప్పటిలాగే ఇరుగుపొరుగు పెద్దలు చేరి వింటారు. మావయ్యా, నేరం మోపినవాడే జవాబును కూడా పైకి చదవవలసి రావడం కష్టమని నాకు తెలుసు. అయినా ఒక్క వాక్యం దాటవేయవద్దు. నీ పేరు వచ్చిన చోట గొంతు తగ్గించవద్దు.

మొదట ఒప్పుకోవలసినవి ఒప్పుకుంటాను. అమ్మను ఆసుపత్రికి తీసుకుపొమ్మని నాన్నతో పోట్లాడింది నేనే. ఆ మందు పేరు విన్నప్పుడు భయపడకుండా సంతోషించింది కూడా నేనే. కానీ దానికి ముందు అమ్మ ఎలా బతికిందో మీలో ఎవరికీ తెలియదు. మీరు ఆమెను పెళ్ళిళ్ళకూ పురుళ్ళకూ చూశారు, పట్టుచీర కొంగు కింద చేతులు దాచుకున్నప్పుడు చూశారు. ఇక్కడ మా రెండు గదుల క్వార్టర్లో పొద్దున్న లేవగానే ఆమె వేళ్ళు పిడికిలిగా ముడుచుకునేవి కావు, పూర్తిగా చాచుకునేవీ కావు. మణికట్లు ఉబ్బి గాజులు ఎక్కేవి కావు. నాన్న డ్యూటీకి పోయే ముందు ఆమె జడ తానే అల్లేవాడు. వర్క్‌షాపులో పెద్ద పెద్ద బోల్టులు బిగించే చేతులు అవి. అల్లిన జడ తాడులా బిగుసుకుపోయేది. అమ్మ నవ్వి, "ఏటయ్యా, ఇది జడా, ఇంజనుకు కట్టే గొలుసా?" అనేది.

నవ్వులాటకు లొంగనిది ఒక్క అన్నం సంగతే. వేళ్ళు వంగక ముద్ద కట్టలేకపోయేది. చెంచాతో తినేది. చెంచాతో తినడం ఆమెకు ఎంత సిగ్గంటే, మేమంతా తిని లేచాక, గోడవైపు తిరిగి కూర్చుని తినేది. అలా గోడకు ఎదురుగా అన్నం తినే మనిషి వీపును చూస్తూ నేను పెరిగాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

ఇక ఆ బంగారం విషయం. మావయ్య ఉత్తరంలో "స్వర్ణభస్మం రాజులు తిన్నారు, వాళ్ళకు లేని కీడు సూదితో ఎందుకొచ్చింది" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. భస్మం అంటే పుటం పెట్టి పొడి చేసిన బంగారం. ఈ మందు అది కాదు. ఇందులో బంగారం గంధకం ఉన్న ఒక ఆమ్లంతో కలిసి, ఉప్పులా నీళ్ళలో కరిగిపోయే లవణంగా మారి ఉంటుంది. ఆ లవణం బరువులో సుమారు సగం బంగారమే, అయినా మెరుపేమీ ఉండదు. చిన్న గాజు గొట్టంలో లేత పసుపు రంగు నీరు, అంతే. వెలుతురు తగిలితే చెడుతుందని చీకట్లో దాస్తారు. పూర్వం జర్మనీలో ఒక శాస్త్రజ్ఞుడు బంగారపు లవణం ఒకటి క్షయ క్రిములను గాజు పాత్రలో ఎదగనివ్వలేదని చూశాడు. అది నమ్మి క్షయరోగులకు ఏళ్ళ తరబడి ఇచ్చారు, ఫలం లేకపోయింది. అమ్మకు వచ్చిన ఈ కీళ్ళవాతం కూడా క్షయలాంటి రోగమేననుకుని ఫ్రాన్సులో ఒక వైద్యుడు దానికీ ఇచ్చి చూశాడు. ఆ ఊహ తప్పు. కానీ రోగుల కీళ్ళు వదిలాయి. ఎందుకు వదులుతాయో ఈనాటికీ నిశ్చయంగా చెప్పగలిగినవాళ్ళు లేరు. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకునే శాస్త్రం కనుకనే దానికి తోడుగా అంత కాపలా పెట్టారు. ఆ కాపలా ఏమిటో చెబుతాను, ఎందుకంటే నా జవాబు దానిమీదే నిలబడి ఉంది.

వారానికొకసారి తుంటి కండకు సూది. ప్రతి సూదికి ముందు రోగి ఇంటినుంచి సీసాలో తెచ్చిన మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి కాచి చూస్తారు. గుడ్డులోని తెల్లసొన ఉడికినట్టు తెల్లబడితే, బంగారం మూత్రపిండాలను బాధపెడుతున్నదని గుర్తు. ఆ రోజు సూది లేదు. కొన్ని వారాలకొకసారి రక్తం కూడా చూస్తారు. అన్నిటికన్నా ముందు నోటితో అడుగుతారు. మన ఎలీసమ్మ సిస్టరు, చీపురుపల్లి పిల్ల, ప్రతి వారం అమ్మను ఒక్కొక్కటే అడిగేది: "పిన్నీ, ఒళ్ళు దురద పెడతందా? ఎర్రగా ఏటైనా పేలిందా? నోట్లో పుండ్లు? ఇనప రుసి?" అమ్మ ప్రతి వారం ఒకే జవాబు చెప్పేది: "ఏటీ నేదు తల్లీ. సల్లగున్నాను."

మొదటి నెలల్లో నిజంగానే ఏమీ లేదు, కీడూ లేదు, మేలూ లేదు. ఆ మందు అంత మెల్లగా పని చేస్తుంది. అమ్మ విసిగిపోయి, "ఒలే గంగా, నా ముక్కుపుడక కరగబోసి తాగినా ఈపాటికి గుణమొచ్చేది" అనేది. తరువాత వేసవిలో ఒక మధ్యాహ్నం నేను కాలేజీనుంచి వచ్చేసరికి ఇంట్లో గోంగూర పచ్చడి వాసన. అమ్మ కంచం ముందు కూర్చుని ఉంది, గోడవైపు కాదు, గుమ్మం వైపు తిరిగి. చెంచా లేదు. అన్నం కలిపింది, వేళ్ళు ఒక్కొక్కటే వంచింది, ముద్ద కట్టింది. దాన్ని తాను తినకుండా చెయ్యి చాచి నా నోటికి అందించింది. ముద్ద వదులుగా ఉంది, సగం నా పుస్తకాల మీద రాలింది. అమ్మమ్మా, సభల్లో మాట్లాడి ఎన్నో కప్పులు గెలిచాను, ఆ రోజు మాత్రం పుస్తకాల మీద రాలిన మెతుకులు ఏరుకుని తిన్నాను.

ఆ తరువాత మా ట్రాఫిక్ సెటిల్‌మెంట్ అంతా అమ్మను చూడడానికి వచ్చింది. పూరీ గేట్ వైపునుంచి కూడా ఆడవాళ్ళు వచ్చి ఆమె వేళ్ళు ముట్టుకుని చూసి, కళ్ళకద్దుకునేవారు. మందుకు బంగారమని పేరుండడమే చాలు మనవాళ్ళకు. అది ఎంత ఎక్కితే అంత శుభమని, ఒంట్లో చేరిన బంగారం ఎప్పటికైనా చర్మం మీద రంగుగా తేలుతుందని వాళ్ళలో వాళ్ళే అనుకున్నారు. నేను విని నవ్వాను. నవ్వి ఊరుకోవలసిన మాట కాదని అప్పుడు నాకు తోచలేదు.

మావయ్యా, ఇక్కడ నీ పేరు వస్తుంది. రథయాత్రకు నువ్వు వచ్చినప్పుడు, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు పోస్తున్న అమ్మ మోచేతిమీద ఎర్రటి పొక్కులు చూశావు. నేను గదిలోనే ఉన్నాను, నీ మాట ఇంకా నా చెవిలో ఉంది. "ఓలక్కా! సూసినావా, రంగు తేలిపోయినాది! బంగారం ఒంటికి పట్టినాది. నీ అంత అదృష్టవంతురాలు మన వంశంలో నేదు. ఎవలికీ సూపించకు, దిష్టి తగులుద్ది" అన్నావు. అని నీ చేత్తోనే పసుపు తెచ్చి రాశావు. అమ్మ చీర కొంగు లాగి చెయ్యి కప్పుకుంది. అది వేడి పొక్కులని, వర్షం పడితే పోతాయని నాతో అంది. నేను నమ్మాను.

ఆపవద్దు, చదువు. నిన్ను నేరస్థుణ్ణి చేయడానికి ఇది రాయడం లేదు. అక్కమీద ప్రేమతో ఆ మాటన్నావని నాకు తెలుసు. అక్కడ మీ అరుగుమీద కూర్చున్నవాళ్ళలో ఎవరున్నా ఆ మాటే అనేవారు.

ఆ పొక్కులు బంగారం ఒంటికి పట్టిన గుర్తు కావు, ఒళ్ళు బంగారాన్ని వద్దంటున్న గుర్తు. ఆ రోజున సూది ఆపితే చాలామందికి కొన్ని వారాల్లో అన్నీ సర్దుకుంటాయి. అమ్మకు ఆపలేదు. వానాకాలం చివరికి ఆమె పళ్ళ చిగుళ్ళనుంచి రక్తం వచ్చింది. తగలకుండానే ఒంటిమీద కమిలిన నల్లమచ్చలు లేచాయి. జ్వరం దిగలేదు. నాన్న రిక్షాలో ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరుబాబు రక్తం చూసి తల పట్టుకున్నాడు. కిందటి రక్తపరీక్ష తరువాతే ఎముకల లోపల రక్తాన్ని తయారుచేసే మూలుగ చల్లబడిపోయిందన్నాడు. బంగారాన్ని ఒంట్లోనుంచి లాగే విరుగుడు సూదులు వేశాడు. నాన్న వర్క్‌షాపులోని ఫిట్టర్లు, ఖలాసీలు, బెంగాలీవాళ్ళు, బీహారువాళ్ళు, మనవాళ్ళు, నూనె బట్టలతోనే వచ్చి వరసగా నిలబడి రక్తమిచ్చారు. ఆ రక్తం రెండు రోజులు బుగ్గల్లో కనిపించేది, మళ్ళీ పాలిపోయేది. డాక్టరుబాబు నన్ను వరండాలోకి పిలిచి ఒకే ప్రశ్న అడిగాడు: "చేతిమీది ఈ పొక్కులు ఇప్పటివి కావు. మూత్రం మాత్రం ఒక్క వారం తప్ప ఎప్పుడూ శుభ్రంగానే ఉంది. ఎలా?"

జవాబు చెప్పింది మా పక్క క్వార్టరు అప్పలకొండ అత్త. ఆసుపత్రి మెట్లమీద కూర్చుని గుండెలు బాదుకుంటూ చెప్పింది. వానలు మొదలైన కొత్తలో ఒక వారం అమ్మ మూత్రం తెల్లబడిందట, సూది వేయకుండా పంపేశారట. అమ్మ దారంతా ఏడ్చిందట. మరుసటి వారం పొద్దున్నే ఖాళీ సీసా పట్టుకుని అత్త గుమ్మంలో నిలబడి, అత్త మూత్రం పోసి ఇమ్మందట.

"నానేటన్నాను తెలుసా గంగా? 'ఓలప్పా హైమా, ఉప్పడిగినోళ్ళని సూసినాను, పప్పడిగినోళ్ళని సూసినాను, దీన్నడిగినోళ్ళని నిన్నే సూస్తన్నాను' అని నవ్వినానే. నవ్వి ఇచ్చినానే. వారం వారం ఇచ్చినాను. తనది అట్టుకెల్లడానికి ఏదో మడి పట్టింపనుకున్నాను గానీ, తల్లీ, నా సేత్తో దానికి మన్నేసినానని నాకేటి తెలుసు?"

ఇప్పుడు ఇంతవరకు దాచిన మాట చెబుతాను. ఇది మీకెవరికీ చెప్పనని అమ్మకు మాట ఇచ్చాను.

నేను వార్డులోకి పోయి అమ్మ మంచం పక్కన కూర్చున్నాను. మామూలుగా ఐతే ఎదుటివాళ్ళను ప్రశ్నలతో నిలవనివ్వని దాన్ని. ఆ రోజు, "ఎందుకమ్మా?" అని ఒక్క మాటే అడిగాను. నోటినిండా పుండ్లు కావడంవల్ల ఆమె మెల్లగా, ముక్కలు ముక్కలుగా మాట్లాడింది.

"నాకు తెలుసే. ఎర్రగా పేలితే సెప్పమని సిస్టరు మొదటి దినమే సెప్పినాది. మీ మావయ్య బంగారమన్నాడు, వాడన్నది అబద్ధమని అప్పుడే నాకు తెలుసు. అయినా బాగుందే ఆ మాట. దాని సాటున దాక్కున్నాను."

"చచ్చిపోతావని తెలియదా?"

"సచ్చిపోతాననుకోనేదు. ఇంకొక్క సూది, ఇంకొక్కటి అనుకున్నాను. సెప్తే ఆపేస్తారు. ఆపేస్తే ఈ యేళ్ళు మళ్ళీ బిగుసుకుపోతాయి. మళ్ళీ గోడకేసి తిరిగి కూకోవాల. గంగా, నువ్వు ఎన్ని పుస్తకాలైనా సదువు, గోడ సూస్తా కూడు తినడం ఏటో నీకు తెలీదే." నా చెయ్యి పట్టుకుని, "మీ అమ్మమ్మకి సెప్పకు. నేనే సేసుకున్నానని తెలిస్తే అది బతకదు. తమ్ముడికి అసలే సెప్పకు. ఆడి మాటవల్లే అనుకుని కుమిలిపోతాడు. ఎవలైనా నిన్నంటే ఊరుకో. నీకు నోరుంది, ఓర్సుకోగలవు" అంది.

అందుకనే అమ్మ పోయిన పదో రోజున మీరంతా నన్ను చుట్టూ నిలబెట్టి నిందించినప్పుడు, తలవంచుకుని నిలబడ్డాను. మావయ్య, "ఇప్పుడు మాటాడవేం, సభల్లో గొంతు సించుకుంటావు గదా!" అన్నాడు. ఆ నింద మోస్తే అమ్మ మాట నిలబెట్టినట్టే అనుకున్నాను. మీరు ఉత్తరం రాయకపోతే ప్రాణం ఉన్నంతవరకు మోసేదాన్ని.

నువ్వు అడిగిన మిగతా వాటికి కూడా సమాధానం చెప్పాలి. చితాభస్మంలో సూదుల బంగారం కనబడిందా అని ఎవరో అడిగారని రాయించావు. లేదు. అన్ని నెలల సూదుల్లోనూ కలిపి చూసినా ఒక చిన్న ముక్కుపుడకకు మించిన బంగారం ఉండదు. ఆ అడిగినవారు ఎవరో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఆఖరి సమయంలో తులసినీళ్ళతో పాటు నోట్లో బంగారం వేశారా అని అడిగావు. ఈ ప్రశ్న దగ్గర ఉత్తరం రాయడం ఆపి బయటికి పోయి వచ్చాను. అమ్మమ్మా, నీ కూతురు నోరు తెరిచే స్థితిలో లేదు. తడిపిన దూది తాకినా మెలికలు తిరిగిపోయేది. నాన్న అమ్మ మంగళసూత్రాల బిళ్ళను చేతిలోకి తీసుకుని, నోటి దాకా తెచ్చి, వేయలేక ఆమె అరచేతిలో పెట్టాడు. అమ్మ వేళ్ళు మూసుకున్నాయి. గట్టిగా, పూర్తిగా, పిడికిలి కట్టినట్టు మూసుకున్నాయి. ఆ చేతులు ఆ పని చేయగలగడానికే ఆమె తన ప్రాణం ఒడ్డింది. ప్రాణం పోయాక నాన్న ఆ వేళ్ళు విడదీయనివ్వలేదు. బంగారం ఆమెతోనే వెళ్ళింది. నీ మనసులో లోటు ఉంచుకోవద్దు.

ఇంతకీ అమ్మకిచ్చిన మాట ఇప్పుడెందుకు తప్పుతున్నాను? మీ ఉత్తరం చివర, నేరాలన్నీ అయ్యాక, ఊరి కబుర్ల మధ్య ఒక వాక్యం ఉంది. అమ్మ చెల్లెలు, మా సుజాతమ్మ పిన్ని గురించి. "సుజాతమ్మకు ఈ మధ్య పొగరెక్కింది. మాతో పాటు కూర్చోదు. అందరూ తిన్నాక దొరసానిలాగ చెంచా పట్టుకుని, గోడకేసి తిరిగి తింటోంది."

మావయ్యా, ఆ వాక్యం నువ్వే రాశావు. రాస్తున్నప్పుడు నీకేమీ తట్టలేదా?

పిన్నికి పొగరు లేదు. అమ్మకు వచ్చిందే ఆమెకూ వచ్చిందని నా భయం. అక్క పోయిన తీరు చూసి, బంగారం పేరెత్తితేనే మీరంతా శాపనార్థాలు పెడుతుంటే, ఆమె నోరు ఎలా విప్పుతుంది? ఆమె కూడా అందరితో "ఏటీ నేదు, సల్లగున్నాను" అనే చెబుతూ ఉంటుంది. మా అమ్మ మందువల్ల పోయిందని మీరు నిర్ణయించుకున్నారు. నేను కాదనను, ఆ మందులో ప్రాణం తీసే శక్తి ఉంది. కానీ దానికి ముందు ఎన్ని వారాలపాటు, ఎన్నిసార్లు, ఆగమని చెప్పింది అది! చర్మంమీద చెప్పింది, నోట్లో చెప్పింది, సీసాలో చెప్పింది. చెప్పిన ప్రతిసారీ మనలో ఎవరో ఒకరు కప్పిపెట్టారు. మావయ్య పసుపుతో, అప్పలకొండ అత్త సీసాతో, అమ్మ తన కొంగుతో, నేను నా నవ్వుతో.

పిన్నికి బంగారమే ఇమ్మని నేను అడగడం లేదు. ఏ మందివ్వాలో వైద్యుడు చూసుకుంటాడు. ఆమె అక్కకు ఈ మందు పడలేదన్న సంగతి మాత్రం అతనికి మొట్టమొదట చెప్పి తీరాలి. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోతారో, రైలెక్కించి నా దగ్గరకు పంపుతారో మీ ఇష్టం. నాన్న కూడా ఇదే చెప్పమన్నాడు. అమ్మ మంచం ఖాళీగా ఉంది.

ఇక అరుగుమీద కూర్చుని వింటున్న మీ అందరినీ ఒకటి అడుగుతున్నాను. అమ్మమ్మనూ, మావయ్యనూ, మిమ్మల్నీ. నన్ను క్షమించమని అడగడం లేదు. నా మీద నేరం అలాగే ఉంచుకోండి. మావయ్య ఈ కాగితం మడవక ముందే, లోపలున్న పిన్నిని బయటికి పిలవండి. ఇంత అన్నం కంచంలో పెట్టి, గోడవైపు కాక మీ వైపు తిరిగి కూర్చోమనండి. చెంచా తీసేసి ముద్ద కట్టమనండి. ఆమె వేళ్ళకేసి చూడండి. ముద్ద జారిపోతే ఎవరూ నవ్వవద్దు, ఎవరూ ఏడవవద్దు, దిష్టి అనవద్దు, శుభమూ అనవద్దు. "ఎక్కడ నొప్పి?" అని అడగండి. ఆమె "ఏటీ నేదు" అంటుంది. లేచి వెళ్ళిపోకుండా, మళ్ళీ అడగండి.

ఇట్లు,
మీ హైమవతి కడుపున పుట్టిన మనవరాలు,
గంగాభవాని